గోదారి పారిన చోటల్లా జనం లేరు

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఆమధ్య ఎవరో ప్రపంచ పటం ఒకటి పెట్టారు. జనం కిక్కిరిసిన చోట ముదురెరుపు, పలచగా ఉన్నచోట లేత రంగు, అసలు లేనిచోట తెలుపు. గంగా మైదానం, బంగ్లాదేశ్, జావా, చైనా తూర్పు సగం ఎర్రగా మండిపోతున్నాయి. ఈజిప్టులో నైలు వెంట మాత్రం సన్నటి ఎర్ర గీత, దానికి అటూ ఇటూ తెల్లటి ఎడారి. మన కోస్తాలో కృష్ణా గోదావరులు సముద్రంలో కలిసే చోట కూడా చిన్న ఎర్ర మచ్చ ఉంది. దాన్ని చూసి మా బాబాయి "అంతా గోదారమ్మ చలవ" అని రాశాడు. వెంటనే వరసపెట్టి దండాల బొమ్మలు.

దండం పెట్టడానికి నాకేం అభ్యంతరం లేదు. ఆ మాటతోనే పేచీ. గోదారమ్మ ఒక్క మన ఊళ్ళ వెంటే పారడం లేదు కదా. త్రయంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి వస్తోంది. దారిలో మరాఠ్వాడా ఉంది. 2016 వేసవిలో లాతూరుకి రైల్లో నీళ్ళు తోలారు, ఆ లాతూరు గోదావరి పరీవాహక ప్రాంతంలోదే. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాకి దక్షిణాన సరిహద్దు గోదావరే, 2011 లెక్కల్లో అక్కడ చదరపు కిలోమీటరుకి 170 మంది. ఇంకా దగ్గరికి రండి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అవే 2011 లెక్కలు పంచి చూస్తే కోనసీమలో దాదాపు 825 మంది, కాస్త ఎగువన కొండల్లో ఉన్న అల్లూరి సీతారామరాజు జిల్లాలో 78 మంది. పదింతల తేడా. మధ్య దూరం బస్సులో ఒక పూట ప్రయాణం.

ఆ ప్రయాణం చేసినవాళ్ళకి అంకెలతో పనిలేదు. రావులపాలెం దాటి అమలాపురం వెళ్తుంటే ఊరికీ ఊరికీ మధ్య ఖాళీ ఉండదు. ఒక ఊరి చివరి కొబ్బరితోటలో ఇల్లు, పక్క ఊరి మొదటి కొబ్బరితోటలో ఇల్లు, రెంటికీ మధ్య సిమెంటు దిమ్మ మీద పంచాయతీ పేరు. పేరు మారితే ఊరు మారినట్టు. అదే రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కితే, పొద్దుగూకాక బస్సు లైట్లు తప్ప మరో వెలుగు చాలాసేపు కనిపించదు.

మా మేనకోడలి సోషల్ పుస్తకంలో దీనికి జవాబుంది: నేల తీరు, శీతోష్ణస్థితి, సారవంతమైన మట్టి, నీరు, రవాణా. అబద్ధమేమీ కాదు. అంటార్కిటికాలో, సహారాలో, గ్రీన్‌లాండ్‌లో జనం ఎందుకు లేరంటే ఆ జవాబు చాలు. చిక్కంతా మిగతా చోట్ల వస్తుంది. జావా, బోర్నియో పక్కపక్క దీవులు. రెండూ భూమధ్యరేఖకి దగ్గర్లోవే, రెంటిలోనూ వేడి, వాన. జావాలో చదరపు కిలోమీటరుకి 1,100 మందికి పైనే, బోర్నియోలో ఇండోనేషియా భాగంలో ముప్ఫై చిల్లర. జావాలో అగ్నిపర్వతాల బూడిద వల్ల మట్టి బలమైనది అంటారు, నిజమే. కానీ సుమత్రాలోనూ అగ్నిపర్వతాలున్నాయి, అక్కడ జావాలో పదో వంతు కాస్త దాటితే గొప్ప. పైగా ఆ జావాలోనే 1815లో అప్పటి ఇంగ్లీషు పాలకుడు రాఫిల్స్ వేయించిన లెక్కకి 45 లక్షల మంది తేలారు. ఇప్పుడు 15 కోట్లు. ఈ రెండొందల ఏళ్ళలో బూడిదేమీ ముప్ఫై రెట్లు పెరగలేదు.

నాకు తోచేది ఇది. నీళ్ళు జనాన్ని పిలవవు. నీళ్ళని పనిలో పెడితే ఆ పని పిలుస్తుంది. అలా చేరిన జనం ఆ పనిని ఇంకా పెంచుతారు, గట్లు వేస్తారు, బోదెలు తవ్వుతారు, రెండో పంట మొదలుపెడతారు. పని తగ్గిపోయాక కూడా చాలాకాలం జనం అక్కడే ఉండిపోతారు, ఎందుకంటే ఈలోగా ఇల్లు, పొలం, గుడి, పెళ్ళి సంబంధాలు అన్నీ అక్కడే కుదిరిపోయి ఉంటాయి. పటంలో ఎరుపు చూపించేది ఇవాళ్టి నేల బలం కన్నా నిన్నటి పని ఎంత అన్నదే.

నది పక్కనే కరువు

డెల్టాలో కరువేమిటి అంటారు ఇప్పటి పిల్లలు. 1832-33 నందన కరువు గురించి చెబితే గుంటూరు వైపు కదా అంటారు. ఆ దెబ్బ రాజమహేంద్రవరం జిల్లానీ వదల్లేదు. దానికి తోడు తుఫాన్లు, 1839లో కాకినాడ దగ్గరి కోరంగి రేవుని ముంచిన ఉప్పెన, జమీందారీ వసూళ్ళు. 1821లో సుమారు 7.38 లక్షలున్న జిల్లా జనం 1841 నాటికి 5.61 లక్షలకి పడిపోయింది. నాలుగో వంతు మాయం. కొందరు పోయారు, కొందరు లేచిపోయారు. ఆ ఇరవై ఏళ్ళూ గోదారమ్మ యథాప్రకారం ఇళ్ళ ముందు నుంచే సముద్రంలోకి పోతూనే ఉంది. మట్టి అదే ఒండ్రుమట్టి.

1844లో ఇంగ్లీషు ఇంజనీరు ఆర్థర్ కాటన్ నివేదిక, 1847లో పని మొదలు, 1852కి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయల మీద ఆనకట్ట పూర్తి. ఆ నీళ్ళు కాలువల్లో పారిన మిగతా కథ డెల్టాలో పుట్టినవాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు. జిల్లా హద్దులు 1859లో మారిపోయాయి కాబట్టి పాత అంకెల్ని కొత్త అంకెలతో నేరుగా పోల్చకూడదు. అయినా 1901 నాటికి గోదావరి జిల్లా 23 లక్షలకి చేరిందంటే అది హద్దులు మార్చినంత మాత్రాన వచ్చిన పెరుగుదల కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, దాన్ని పక్కన పెట్టలేను. ఆనకట్టకి ముందు కోనసీమ అడవేమీ కాదు. అగ్రహారాలున్నాయి, ద్రాక్షారామం గుడి వెయ్యేళ్ళ నాటిది, తీరంలో ఓడల వ్యాపారం ఉంది. అంటే జనం ముందే ఉన్నారు కాబట్టే కాలువ తవ్వడానికి చేతులు దొరికాయి, తవ్వితే పన్ను వస్తుందని ఈస్టిండియా కంపెనీకి ఆశ పుట్టింది అని కూడా వాదించవచ్చు. జనం పెరిగే కొద్దీ సేద్యం చిక్కబడుతుంది, సేద్యం చిక్కబడ్డాక జనం పెరగడం అనే మాట తలకిందుల లెక్క అని ఎస్తర్ బోసెరప్ అనే డేనిష్ ఆర్థికవేత్త 1960ల్లో అన్నది. ఆమె మాట కొట్టిపారేసేది కాదు. నేను అనేదల్లా, డెల్టాలో జనం ముందూ ఉన్నారు, కానీ ఒక కరువొస్తే నాలుగో వంతు తుడిచిపెట్టుకుపోయేంత పలచటి ఆధారం మీద ఉన్నారు. కాలువ వచ్చాక ఆ ఊగిసలాట ఆగింది. ఆగడమే పెద్ద విషయం. ఏటా కొద్దికొద్దిగా పెరుగుతూ మధ్యలో కూలిపోకుండా ఉంటే చాలు, వందేళ్ళకి పటం ఎర్రబడుతుంది.

కాటన్‌కి డెల్టాలో ఊరూరా విగ్రహాలున్నాయి. గోదావరి స్నానం సంకల్పంలో ఆయన పేరు చదివే పురోహితులూ ఉన్నారు. ఆ కాలువలు తవ్విన వడ్డెరల పేర్లు ఏ సంకల్పంలోనూ లేవు. తవ్వాక ఏటా పూడిక తీసినవాళ్ళవీ లేవు. డెల్టా అనేది ఒకసారి కట్టేసి వదిలేసే వస్తువు కాదు, ప్రతి వేసవిలో మళ్ళీ తవ్వుకోవాలి. తవ్వకపోతే ఏమవుతుందో గుర్రపుడెక్క కమ్మేసిన మన మురుగు కాలువలు చూస్తే తెలుస్తుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా, అంటే వానాకాలం వరి, మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు ధరతోపాటు ఈ మురుగు గోడు కూడా ఉంది.

1852లోనే ఇంకో డెల్టా

ఆనకట్ట పూర్తయిన ఆ 1852లోనే ఇంగ్లీషువాళ్ళు దిగువ బర్మాని పట్టుకున్నారు. ఇరావతి డెల్టా అప్పటికి చాలావరకు చిత్తడి అడవి. మట్టి మనదాని కంటే తీసిపోదు, వాన మనకంటే బాగా ఎక్కువ. నీళ్ళూ మట్టీ చాలుననే మాట నిజమైతే అక్కడ మనకంటే ముందే జనం కిటకిటలాడాలి. లేరు. అడవి నరికి వరి వేయడానికి ఎగువ బర్మా నుంచి రైతులొచ్చారు. కోతలకి, రంగూన్ బియ్యం మిల్లులకి, రేవులో బస్తాలు మోయడానికి మాత్రం కోరంగి, కాకినాడ ఓడలెక్కి మనవాళ్ళు వెళ్ళారు. ప్రతి ఊళ్ళోనూ "తాతగారు రంగం వెళ్ళాడు" (రంగం అంటే రంగూన్) అని చెప్పే ఇల్లు కనీసం ఒకటి ఉండేది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య జరిగిన రక్తపాతం ఆ కథలో భాగమే.

కాలువల పుణ్యమా అని జనం పెరిగిన డెల్టా నుంచి, జనం చాలని డెల్టాకి కూలీలు. ఇప్పుడు చూస్తే 2014 బర్మా జనగణనలో ఇరావతి ప్రాంతంలో చదరపు కిలోమీటరుకి 177 మందే. అదే వరి, అదే ఒండ్రు, మన కోనసీమలో నాలుగో వంతు కంటే తక్కువ. అక్కడ సేద్యం ఆలస్యంగా మొదలైంది, ఎగుమతి కోసం ఏడాదికి ఒకే పంటగా సాగింది.

వియత్నాం ఇంకా తేటగా చూపిస్తుంది, ఎందుకంటే ఒకే దేశంలో రెండు డెల్టాలున్నాయి. ఉత్తరాన ఎర్రనది డెల్టాలో వెయ్యేళ్ళ పైబడి ఏటిగట్లు వేస్తూనే ఉన్నారు. 2019 లెక్కల్లో అక్కడ 1,060 మంది. దక్షిణాన మెకాంగ్ డెల్టా నీటికీ మట్టికీ ఇంకా పెద్దది, కానీ అక్కడ పెద్ద కాలువలు పందొమ్మిదో శతాబ్దం పని, సాంద్రత 423. మెకాంగ్ ఈమధ్య ప్రపంచానికే బియ్యం పోసింది, అయినా జనం లెక్కలో ఎర్రనదికి సగం కూడా కాదు. నేల బలం కన్నా పని వయసు ముఖ్యమని నేనంటే బాబాయి ఒప్పుకోడు గానీ, ఈ రెండు అంకెలకి మరో సమాధానం ఆయన దగ్గర కూడా లేదు.

వరికే ఇంత జనం ఎందుకంటే, అది చేతుల్ని అడుగుతుంది, అడిగినన్ని నోళ్ళకి పెడుతుంది. మధ్యయుగాల యూరపులో ఒక గింజ గోధుమ జల్లితే నాలుగైదు గింజలు వచ్చేవి, అందులో ఒకటి మళ్ళీ విత్తనానికి పోయేది. మన దాళ్వాలో, అంటే ఏడాదిలో రెండో వరి పంటలో, పాతిక కిలోల విత్తనం ఆకుమడిలో పోస్తే ఎకరానికి డెబ్బై అయిదు కిలోల బస్తాలు నలభై దింపుకున్న రైతులున్నారు. పాత రకాలకి ఇంత లేదు, మార్టేరు వరి పరిశోధన కేంద్రం లాంటి చోట్ల నుంచి కొత్త రకాలు వచ్చాకే ఈ లెక్కలు పెరిగాయి, సరే. కానీ ఆకు తీయడం, ఊడ్పు, కలుపు, కోత, కట్టేత, కుప్ప, నూర్పు, మళ్ళీ దాళ్వాకి ఇవన్నీ మొదటి నుంచీ. ఈ పనులకి ఎకరానికి ఎంతమంది కావాలో, ఆ ఎకరం అంతమందినీ పోషించింది. గొర్రెల మందకి ఈ గుణం లేదు. అందుకే మంగోలియాలో చదరపు కిలోమీటరుకి ఇద్దరు.

కొండ మీద ఖాళీ లేదు

మైదానం వాళ్ళం ఏజెన్సీకి వెళ్తే ఒక మాట తరచుగా అంటాం: "ఎంత నేల ఖాళీగా ఉందో చూడండి." నాకు ఈ మాట చిరాకు. పోడు కొట్టిన చెల్క రెండు మూడేళ్ళు పండితే ఆ తర్వాత ఏళ్ళ తరబడి వదిలెయ్యాలి, అడవి మళ్ళీ లేవాలి. అంటే ఒక కుటుంబానికి ఇవాళ పంట ఉన్న చెల్కతోపాటు బీడుగా కనిపించే నాలుగైదు చెల్కలూ కావాలి. అడ్డాకు, చింతపండు, తేనె ఏరుకునే అడవీ కావాలి. చదరపు కిలోమీటరుకి డెబ్భై ఎనిమిది మందికే ఆ నేల నిండిపోతుంది.

దానికి తోడు మన్యం జ్వరం. 1922-24లో అల్లూరి మీదికి పోయిన పోలీసు బలగాల్ని కూడా మలేరియా పీల్చేసింది. మైదానం జనం ఆ కొండలెక్కి స్థిరపడకుండా ఆపినవాటిలో దోమ ఒకటి. తర్వాత దోమకి మందు దొరికింది, రోడ్లు పడ్డాయి, అప్పుడు ఆపింది చట్టం. 1/70 లేకపోతే, అంటే గిరిజనేతరులకి ఏజెన్సీ భూమి బదిలీ కాకూడదన్న 1970 నిబంధన లేకపోతే, ఈ పాటికి రంపచోడవరం చుట్టూ డెల్టా షావుకార్ల తోటలే ఉండేవని నా అనుమానం. అది ఎంత సక్రమంగా అమలైందీ అనేది వేరే గొడవ.

అంటే జనసాంద్రత తేడాల్లో కొంత భాగం ఎవర్ని రానిచ్చారు, ఎవర్ని తరిమారు అన్నదే. ఆస్ట్రేలియాలో చదరపు కిలోమీటరుకి ముగ్గురు. ఎడారి ఒక కారణం, మొత్తం కారణం కాదు. అమెరికా ఖండాల్లో యూరపు వాళ్ళు తెచ్చిన జబ్బులకీ దాడులకీ అక్కడి జాతులు ఊళ్ళకి ఊళ్ళే పోయాయి. తర్వాత వచ్చినవాళ్ళు "ఖాళీ నేల" అని పేరు పెట్టుకున్నారు. ఇది సోషల్ పుస్తకంలోని జాబితాలో లేదు.

ముర్షిదాబాద్ నుంచి పాలకొల్లుకి

నా వాదనకి అసలు పరీక్ష ఇప్పుడు జరుగుతోంది. మొన్న దాళ్వా ఊడ్పులప్పుడు పాలకొల్లు దగ్గర మా దూరపు చుట్టం ఒకాయన పొలానికి వెళ్ళాను. కౌలు రైతు. చేలో ఊడుస్తున్నది అంతా మగవాళ్ళు. అదే వింత, మా చిన్నప్పుడు ఊడ్పంటే ఆడవాళ్ళ పని, పాట కూడా వాళ్ళదే. వీళ్ళు తాడు కట్టుకుని, సెల్ ఫోన్లో పెద్దగా పాటలు పెట్టుకుని, వెనక్కి నడుస్తూ చకచకా నాటేస్తున్నారు. గట్టు మీద అల్యూమినియం డేక్సాలో అన్నం, ఆలుగడ్డ కూర. మేస్త్రీతో నాకొచ్చిన హిందీలో మాట కలిపితే పశ్చిమ బెంగాల్‌లోని ముర్షిదాబాద్ అన్నాడు.

ముర్షిదాబాద్ 2011 సాంద్రత 1,334. కోనసీమ కంటే ఎర్రటి మచ్చ. గంగ డెల్టా కూలీలు గోదావరి డెల్టాకి వచ్చి ఊడుస్తున్నారు.

"ఏవండీ, ఇంతమంది జనం ఉన్న చోట మనుషులు దొరక్కపోవడమేంటి?" అన్నాను చుట్టంతో.

"జనం లేక కాదండి. ఉన్నోళ్ళలో దిగేవోళ్ళకి అరవై దాటినియ్యి. దిగే వయసోళ్ళు హైదరాబాదులోనో కువైత్‌లోనో ఉన్నారు. కోతకైతే మిషనొచ్చేసింది, ఊడ్పు ఒక్కటే మిగిలింది. అదీ ఎన్నాళ్ళో! పక్కాయన రొయ్యల చెరువు తవ్వేశాడు, ఆయనకి ఈ బాధే లేదు."

పక్కాయన చెరువు నేనూ చూశాను. ఏరేటర్లు తిరుగుతున్నాయి, గట్టు మీద షెడ్డులో కాపలా మనిషి ఒక్కడు. ఆ జాగాలో వరి ఉన్నప్పుడు ఊడ్పు రోజున ఒక పేట మొత్తం దిగేది. చెరువు లాభం వరి కంటే ఎక్కువ కావచ్చు, అది మనుషుల్ని అడగదు. ఉప్పునీరు పక్క చేలోకి ఊరడం గురించి చెబితే ఇంకో వ్యాసం అవుతుంది.

ఇక్కడ నా సిద్ధాంతానికి ఒక బలహీనత ఒప్పుకోవాలి. పని పిలిస్తేనే జనం అయితే, పని లేని బిహార్‌లో 1,106 మంది ఎందుకున్నారు? అక్కడి మగవాళ్ళు పంజాబ్‌లో, కేరళలో, ఇప్పుడు మన ఇటుక బట్టీల్లో ఉన్నారు. ఇల్లు, భార్య, రేషన్ కార్డు అక్కడే. కోనసీమ ఆ దారిలోనే కాస్త డబ్బున్న రకం. గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు పంపిన డబ్బుతో కట్టిన డాబాలు ప్రతి పేటలోనూ కనిపిస్తాయి. ఒకప్పుడు కాలువ నిలబెట్టిన సాంద్రతని ఇప్పుడు కొంతవరకు కువైత్ నిలబెడుతోంది. కొబ్బరి దింపు కార్మికుల కోసం తోటల వాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేసుకునే చోట, చదరపు కిలోమీటరుకి 825 మంది అనే అంకె పని గురించి ఏమీ చెప్పదు.

ఈమధ్య ఎక్కువమంది పిల్లల్ని కనమని పాలకులు మనకి చెబుతున్నారు. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనని 2024 నవంబరులో ఎత్తేశారు. భయం అర్థమవుతుంది: 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో సంతాన సాఫల్యత, అంటే ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య, 1.7, జనం తగ్గకుండా ఉండాలంటే కావలసింది 2.1. జనాభాని బట్టి లోక్‌సభ సీట్లు పంచే లెక్క ఒకటి నెత్తి మీద ఉంది. నిబంధన ఎత్తేయడం మంచిదే, అది ఉండడమే అన్యాయం. కానీ కనమని చెబితే డెల్టా నిండుతుందనుకోవడం బాబాయి మాటకి మరో రూపం. 2001-2011 మధ్య దేశ జనం 17.7 శాతం పెరిగితే తూర్పు గోదావరి 5.2, పశ్చిమ గోదావరి 3.5 పెరిగాయి. పిల్లలు తక్కువ పుట్టడం సగం కారణం, పుట్టినవాళ్ళు ఉండకపోవడం మిగతా సగం. మూడో బిడ్డ పుట్టినా ఇంటర్ కాగానే హైదరాబాద్‌లో మియాపూర్ హాస్టల్‌కే వెళ్తుంది. ఆ బిడ్డని ఇక్కడ ఆపగల పని ఏదో ఎవరూ చెప్పడం లేదు. కోకో, కొబ్బరి పీచు అంటూ రెండు మాటలు చెప్పి ఊరుకుంటున్నారు.

2027 మార్చి 1 ప్రామాణిక తేదీగా కొత్త జనగణన జరగబోతోంది. కోనసీమ సాంద్రత 825కి కాస్త అటూ ఇటూ ఉంటుందని నా అంచనా, అది చూసి డెల్టా పదిలంగానే ఉందని రాస్తారు. ఫిబ్రవరిలో లెక్క రాసేవాళ్ళు ఇంటింటికీ వచ్చేసరికి దాళ్వా ఊడ్పులు అయిపోయి ముర్షిదాబాద్ ముఠాలు రైలెక్కి ఉంటాయి, వాళ్ళు మన లెక్కలోకి రారు. మన లెక్కలో ఉండాల్సినవాళ్ళు కువైత్‌లో ఉంటారు.